సత్యం కంప్యూటర్స్ లెక్కలు, మేటాస్ భూములు: మన విశాఖలో ఇప్పుడు ఎందుకు మాట్లాడుకోవాలి?

రుషికొండ రవి

అందరికీ నమస్కారం. ఐటీ హిల్స్ వైపు రోజూ డ్యూటీకి వెళ్లొచ్చేవాణ్ణి. ఈ మధ్య మన ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా కంపెనీలు, ఎకరాలు అనే మాటే వినిపిస్తోంది. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కి ఇక్కడ 21 ఎకరాల పైచిలుకు భూమిని నామమాత్రంగా 99 పైసలకు కేటాయించారు. తర్వాత కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కీ అదే పద్ధతి. ఆ రెండు కంపెనీల మీద నాకు ఏ అనుమానమూ లేదు. మన పిల్లలు బెంగళూరు రైలెక్కకుండా ఇక్కడే ఉద్యోగం చేసుకుంటే అంతకంటే కావాల్సిందేముంది?

నా బాధ వేరే. పెద్ద పేరు, ప్రభుత్వం అండ, గోడ నిండా అవార్డులు ఉన్న కంపెనీ లోపల ఎంత ఖాళీగా ఉండగలదో 2009 జనవరి 7న మన తెలుగు రాష్ట్రమే చూసింది. ఆ రోజే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకున్నాడు. మా టీమ్‌లో చేరిన కొత్త పిల్లలకు ఆ సంగతే తెలియదు. సత్యం అంటే ఒక జంక్షన్ పేరు అనుకుంటున్నారు. అన్ని వేల కోట్లు లేకుండానే ఉన్నట్టు ఎలా చూపించారు? దానికీ రాజకీయానికీ ముడి ఎక్కడ పడింది? ఇప్పుడు మన ఊరికి వచ్చే ప్రతి కంపెనీ విషయంలో మనం ఏం చూడాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

నిర్వాహకులు

మంచి చర్చ. ఒక్క మనవి. ఏ పార్టీ వాళ్లయినా ఇక్కడ పార్టీల తగువు పెట్టకండి. కోర్టులో తేలింది తేలినట్టు, ఆరోపణ అయితే ఆరోపణ అని రాయండి.

లెక్కల లలిత (సీఏ, ద్వారకానగర్)

రవి గారూ, మొదటి ప్రశ్నకు నేను చెప్తాను. ఇది మా వృత్తికి తగిలిన దెబ్బ కూడా. ఇన్నేళ్లయినా ఈ కేసు చదివినప్పుడల్లా కడుపు మండుతుంది.

ఆ రోజు రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరంలో అంకెలు తనే ఒప్పుకున్నాడు. 2008 సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో నగదు, బ్యాంకు నిల్వల కింద లేని 5,040 కోట్లు ఉన్నట్టు చూపించారు. దాని మీద రావాల్సిన వడ్డీ అంటూ లేని 376 కోట్లు రాశారు. కట్టాల్సిన అప్పు 1,230 కోట్లు అసలు లెక్కలోకే ఎక్కించలేదు. రావాల్సిన బాకీలు 490 కోట్లు ఎక్కువ చేశారు. అన్నీ కలిపితే ఏడు వేల కోట్లు దాటింది. ఆ మూడు నెలల ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని లోకానికి చెప్పారు. ఆయన మాట ప్రకారమే అసలు ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. అంటే నూటికి ఇరవై నాలుగు అని చెప్పిన చోట నిజంగా మిగిలింది మూడే.

ఎలా చేశారంటే, ఇన్వాయిస్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోనే దారి పెట్టుకున్నారు. 'సూపర్ యూజర్' లాగిన్‌తో దొంగ బిల్లులు సృష్టించేవారు, వాటిని మామూలు ఉద్యోగులకు కనబడకుండా దాచేవారు. అమ్మకాల మొత్తంలో మాత్రం అవి కలిసేవి. అలాంటివి 7,500కు పైగా ఉన్నాయని సీబీఐ లెక్క తేల్చింది. బిల్లు ఉంది సరే, డబ్బు ఎక్కడ అని అడిగితే? దానికి దొంగ ఎఫ్‌డీ రసీదులు, దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఒక త్రైమాసికంలో చూపించిన లాభాన్ని వచ్చే త్రైమాసికంలో దాటాలి. కాబట్టి అబద్ధం ఏటికేడాదీ పెరగాల్సిందే. పులి మీద స్వారీ చేస్తూ, దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియలేదని ఆయన ఆ ఉత్తరంలో రాసుకున్నాడు. మరి ఆ పులి మీద వేల మంది ఉద్యోగుల్ని, లక్షల మంది వాటాదారుల్ని కూడా ఎక్కించింది ఎవరు? వాళ్లకు ఆ సంగతి తెలియనైనా తెలియదు.

ఏయూ కుర్రాడు

మేడమ్, ఆడిటర్ బ్యాంకుకి ఫోన్ చేసి అడిగితే ఒక్క రోజులో తేలిపోయేది కదా?

పాత కౌంటర్

బాబూ, నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. నీ ప్రశ్నకు జవాబు నేను చెప్తాను.

ఏ కంపెనీకి ఆడిట్ జరిగినా, బ్యాంకు నిల్వ ఎంత, ఎఫ్‌డీలు ఎన్ని, వాటి మీద అప్పు ఏమైనా ఉందా అని ధ్రువీకరణ అడుగుతారు. ఆ ఉత్తరం ఆడిటర్ చేతి నుంచి నేరుగా మా బ్రాంచికి రావాలి, మా జవాబు నేరుగా ఆడిటర్‌కే వెళ్లాలి. మధ్యలో కంపెనీ చేయి తగలకూడదు. ఆడిట్ ప్రమాణాల్లో ఈ నియమం అప్పటికే ఉంది. సత్యం విషయంలో ఇది పాటించలేదు. కంపెనీ తెచ్చిచ్చిన కాగితాలనే నమ్మారు. కొన్ని చోట్ల బ్యాంకులు నేరుగా పంపిన అంకెలకూ, కంపెనీ ఇచ్చిన అంకెలకూ పొంతన లేకపోయినా పట్టించుకోలేదని తర్వాత దర్యాప్తుల్లో బయటపడింది.

ఇంకో సంగతి. ఎఫ్‌డీ మీద వడ్డీ వేస్తే బ్యాంకు టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కోస్తుంది, దానికి సర్టిఫికెట్ ఇస్తుంది. వేల కోట్ల డిపాజిట్ ఉంటే ఆ టీడీఎస్ ఎంత ఉండాలి! వడ్డీ పక్కన ఆ సర్టిఫికెట్లు పెట్టి చూస్తే మా బ్రాంచిలో కొత్తగా చేరిన క్లర్కు కూడా తేడా పట్టేవాడు. లేని వడ్డీని ఆదాయంగా చూపించి దాని మీద పన్ను కూడా కట్టారు. నన్ను ఇప్పటికీ కదిలించేది అదే. అబద్ధాన్ని నిలబెట్టడానికి కంపెనీ నిజమైన డబ్బు ఖర్చుపెట్టారు.

షేర్ల శీను

ఆ కాలంలో మార్కెట్ చూసినవాణ్ణి కాబట్టి దానిలో కనబడిన సూచనలు రాస్తాను.

ఒకటి, ప్రమోటర్ల వాటా. 2001 ప్రాంతంలో పాతిక శాతం దాకా ఉన్నది 2008 నాటికి తొమ్మిది శాతం లోపుకి దిగింది. కంపెనీ బంగారం లాంటిదని చెప్పేవాళ్లే తమ వాటా వదిలించుకుంటుంటే ఎవరూ గట్టిగా అడగలేదు. మిగిలిన వాటా కూడా చాలావరకు తాకట్టులో ఉంది. ఆ తాకట్టు సంగతి బయటికి చెప్పాలనే నియమం అప్పటికి లేదు. ఈ గొడవ తర్వాతే 2009 జనవరిలో షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ దాన్ని తప్పనిసరి చేసింది.

రెండు, డిసెంబర్ 16. రాజు కుటుంబానిదే అయిన మేటాస్ ప్రాపర్టీస్‌ని మొత్తంగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని కలిపి 160 కోట్ల డాలర్లకు సత్యం కొంటుందని ప్రకటించారు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూముల వ్యాపారం ఎందుకని పెట్టుబడిదారులు భగ్గుమన్నారు. గంటల్లోనే వెనక్కి తగ్గారు. తర్వాత ఉత్తరంలో తెలిసింది, అది లేని నగదు స్థానంలో నిజమైన ఆస్తి పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నమని. కొనుగోలు జరిగి ఉంటే కాగితాల మీద 'నగదు ఖర్చయింది, భూములు వచ్చాయి' అని రాసేసేవాళ్లు. సొంత కుటుంబానికి ఇవ్వాల్సిన డబ్బు ఎప్పుడు ఇచ్చినా అడిగేవాడు ఉండడు. బోర్డులో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఉండి కూడా ఆ తీర్మానం ఏకగ్రీవంగా గడప దాటింది. ఆ వాటాదారులే అరవకపోతే ఈ మోసం ఇంకెన్నేళ్లు నడిచేదో.

జనవరి 7న షేరు ఒక్క రోజులో 179 దగ్గర నుంచి 40 దగ్గరికి పడింది. 2008లో 500 దాటిన షేరు అది.

ఎంవీపీ సునీత

నేను అప్పట్లో వేరే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాను. ఈ చర్చలో ఉద్యోగుల మాట ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను.

కంపెనీలో పని అబద్ధం కాదు. 53,000 మంది ఉన్నామని చెప్పిన సంస్థ అది. కస్టమర్లు నిజం, రాత్రంతా కూర్చుని రాసిన కోడ్ నిజం. ఉత్తరం బయటికొచ్చిన రోజు నుంచి జీతం వస్తుందో రాదో తెలియదు. వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్ల టెన్షన్ ఇంకా ఎక్కువ. ఇంటి లోన్ ఇవ్వాల్సిన బ్యాంకులు, పెళ్లి సంబంధాలు చూస్తున్నవాళ్లు కూడా ఆ కంపెనీ పేరు వింటే వెనకడుగు వేశారు. అయినా వాళ్లు పని ఆపలేదు. కేంద్రం రెండు రోజుల్లోనే పాత బోర్డును తీసేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్‌లను పెట్టింది, తర్వాత మరో ముగ్గురిని కలిపింది. ఆ కొత్త బోర్డు 600 కోట్ల అప్పు సంపాదించి కంపెనీ నడిచేలా చూసింది. ఏప్రిల్‌లో బహిరంగంగా వేలం జరిగితే టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు పెట్టి గెలిచింది. 2013లో పూర్తిగా తనలో కలుపుకుంది.

కంపెనీ నిలబడిందంటే కారణం లెక్కలు రాసినవాళ్లు కాదు, సీట్లలో కూర్చుని పనిచేసినవాళ్లు. ఈ మాట ఎక్కడైనా గట్టిగానే అంటాను.

మండల రికార్డు (రెవెన్యూ, రిటైర్డ్)

ఇప్పటివరకు కంప్యూటర్ల వైపు చెప్పారు. నేను భూమి వైపు చెప్తాను. ఎందుకంటే నా దృష్టిలో అసలు కథ భూమిదే.

ఆ కుటుంబం 300కు పైగా కంపెనీలు పెట్టిందని, వాటి పేర్ల మీద వేల ఎకరాలు కొన్నారని దర్యాప్తులో తేలింది. ఒకే కుటుంబానికి అన్ని కంపెనీలు ఎందుకు? 1973 నాటి భూసంస్కరణల చట్టం ప్రకారం మెట్ట భూమికి గరిష్ఠ పరిమితి 54 ఎకరాలు. పేర్లు చీలిస్తే ప్రతి పేరూ పరిమితి లోపే కనబడుతుంది. మా ఆఫీసుకు వచ్చే మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) దరఖాస్తులో అది ఒక చిన్న ప్రైవేటు కంపెనీ. ఆ ఊళ్లోనే పదో ఇరవయ్యో అలాంటి చిన్న కంపెనీలు. డైరెక్టర్ల పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తేనే గాని తెలియదు. అలా పెట్టి చూసే పని మాలో ఎవరిదీ కాదు.

ఇప్పుడు రాజకీయం. భూమి ధర ఎప్పుడు పెరుగుతుంది? రింగ్ రోడ్డు ఎటు పోతుందో, మెట్రో ఎక్కడ ఆగుతుందో, పోర్టు ఎక్కడ కడతారో నిర్ణయమైనప్పుడు. ఆ నిర్ణయాలు సచివాలయంలో జరుగుతాయి. 2008లో హైదరాబాద్ మెట్రో కాంట్రాక్టు మేటాస్ నాయకత్వంలోని కూటమికే వచ్చింది. మిగతావాళ్లు ప్రభుత్వం నుంచి సాయం అడుగుతుంటే వీళ్లు ఎదురు 30,311 కోట్లు ప్రభుత్వానికే ఇస్తామన్నారు. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు అప్పుడే ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. ఈ లెక్క కుదరదు, తమ సొంత భూముల వైపు మెట్రోను పొడిగించుకుని విలువ పెంచుకోవాలన్న ఉద్దేశం కనబడుతోంది, రాజకీయ కుంభకోణానికి దారితీస్తుంది అన్నది దాని సారం. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మాట వినకపోగా పరువు నష్టం దావా వేస్తామంది. నాలుగు నెలలు తిరక్కుండానే సత్యం కూలింది. మరుసటి ఏడాది ఆ కాంట్రాక్టు రద్దయింది. 2010లో మళ్లీ టెండర్ పిలిస్తే ఎల్ అండ్ టీకి వెళ్లింది. ఈసారి ప్రభుత్వమే 1,458 కోట్లు సాయం ఇవ్వాల్సిన లెక్కతో.

ఎదురు ముప్పై వేల కోట్లు ఇస్తామన్న ప్రాజెక్టుకు తర్వాత మనమే సాయం ఇవ్వాల్సి వచ్చిందంటే, మొదటి అంకెను ఎవరైనా నిజంగా పరిశీలించారా? దేశంలో మెట్రో కట్టి చూపించిన ఇంజనీరు హెచ్చరిస్తే, ఆయన్నే బెదిరించడం నాకు ఇప్పటికీ జీర్ణం కాదు.

రుషికొండ రవి

మాస్టారూ, మచిలీపట్నం పోర్టు కూడా వాళ్లకేగా?

మండల రికార్డు

అవును, మేటాస్ ఉన్న కూటమికే ఇచ్చారు. 2008లో శంకుస్థాపన కూడా జరిగింది. ఆ కూటమి మాత్రం పోర్టు కట్టలేదు.

గాజువాక గిరి

అందరూ ఒకే వైపు రాస్తున్నారు. నేను ఒప్పుకోను. 108 అంబులెన్స్ మొదలుపెట్టింది రాజు కుటుంబమే. 2005లో. మన జిల్లాలో ఏజెన్సీ ఊళ్లలో ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయి! ఊరి నుంచి వచ్చిన తెలుగువాడు న్యూయార్క్ ఎక్స్ఛేంజీ దాకా ఒక కంపెనీని తీసుకెళ్లాడు. తప్పును తనే ఒప్పుకున్నాడు, పారిపోలేదు. ఈ దేశంలో బ్యాంకులకు ఎగ్గొట్టి విదేశాలకు పోయినవాళ్లు ఎంతమంది లేరు?

లెక్కల లలిత (సీఏ, ద్వారకానగర్)

గిరి గారూ, 108 గొప్ప పని. అందులో రెండో మాట లేదు. ఆ సేవ చేతులు మారి ఇప్పటికీ నడుస్తోంది, నడవాలి కూడా. కానీ ఒప్పుకున్నాడనే మాటను కాస్త ఆలోచించండి. డిసెంబర్ 16న మేటాస్ ప్రయత్నం విఫలమైంది. 18న ఎవరో 'జోసెఫ్ అబ్రహాం' అనే పేరుతో ఒక స్వతంత్ర డైరెక్టర్‌కి మెయిల్ పంపారు, నగదు లేదు, బ్యాంకులను అడిగి చూసుకోండి అని. 23 నాటికి ప్రపంచ బ్యాంకు నిషేధం బయటపడింది. నెలాఖరుకి స్వతంత్ర డైరెక్టర్లు వరసగా తప్పుకున్నారు. సలహాకు పెట్టుకున్న మెరిల్ లించ్ కూడా లెక్కల్లో తేడాలు చూసి వదిలేసింది. అన్ని తలుపులూ మూసుకున్నాక వచ్చిన ఉత్తరం అది.

2008 సెప్టెంబర్‌లో, అంటే ఇదంతా లోపల నడుస్తుండగానే, ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకున్నారు. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. అవార్డు ఇచ్చేవాళ్లు కూడా బ్యాంకును అడగలేదన్నమాట.

గాజువాక గిరి

సరే, ఉత్తరం వెనక కథ మీరు చెప్పింది నిజమే. కానీ ఇందులో నాయకుల అవినీతి అంటున్నారు. కోర్టులో ఒక్క నాయకుడికైనా శిక్ష పడిందా?

లెక్కల లలిత (సీఏ, ద్వారకానగర్)

పడలేదు. ఇది స్పష్టంగా చెప్పుకోవాలి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల కఠిన శిక్ష వేసింది. రామలింగరాజు, ఆయన తమ్ముడు రామరాజు, కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసే సీఎఫ్ఓ, ఇద్దరు ఆడిటర్లు, మరికొందరు ఉద్యోగులు, బంధువులు. మోసం, కుట్ర, ఫోర్జరీ మీద ఆ తీర్పు. నెల తిరిగేసరికి పై కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిల్ ఇచ్చింది. ఆ కేసులో ఏ నాయకుడూ నిందితుడు కాదు. మెట్రో, భూముల విషయంలో ప్రభుత్వాల మీద వచ్చినవన్నీ ఆరోపణలే.

లంచం అనే కోణంలో అధికారికంగా కాగితం మీద ఉన్నది ప్రపంచ బ్యాంకు చర్య. తమ సిబ్బందికి అనుచితమైన ప్రయోజనాలు కల్పించారని, సబ్‌కాంట్రాక్టర్ల పేరిట వేసిన బిల్లులకు సరైన పత్రాలు చూపలేదని సత్యాన్ని ఎనిమిదేళ్లు నిషేధించింది. అదీ ఉత్తరం రాకముందే.

మండల రికార్డు (రెవెన్యూ, రిటైర్డ్)

లలితమ్మ మాటకు ఒకటి కలుపుతాను. కవర్లో డబ్బు చేతులు మారితేనే అవినీతి అనుకుంటాం. నేను చూసినంతలో దానికంటే పెద్దది ఇంకోటి ఉంది. 'ఫలానా ఆయన మనిషి' అని తెలిస్తే ఎవరూ ఫైలు మీద ప్రశ్న రాయరు. ఎవరూ వద్దని చెప్పరు, ఎవరూ ఫోన్ కూడా చెయ్యరు. కింద ఉన్న గుమాస్తా నుంచి పై కార్యదర్శి వరకు ఆ ప్రశ్న ఎవరికీ రాదు, అంతే. అలాంటి మౌనానికి ఏ సెక్షనూ వర్తించదు. నష్టం మాత్రం జనానిదే.

షేర్ల శీను

అందులో చిన్న వాటాదారుల నష్టం కూడా కలపండి. అమెరికాలో సత్యం షేర్ల కాగితాలు కొన్నవాళ్లు క్లాస్ యాక్షన్ (అందరూ కలిసి ఒకే దావా) వేశారు. కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ఆడిట్ సంస్థ ఇంకో 2.55 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాయి. అదే కంపెనీ, అదే అబద్ధం. ఇక్కడ కొన్న స్టీల్ ప్లాంట్ కార్మికుడికో, టీచరుకో అలా అందరూ కలిసి దావా వేసే చట్టమే అప్పటికి లేదు. 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 245 వచ్చాకే ఆ దారి తెరుచుకుంది. ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చాలన్న నియమం కూడా ఆ చట్టంతోనే వచ్చింది. ఆడిటర్ల మీద విచారణకు ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ అనే సంస్థ 2018లో ఏర్పడింది.

పెందుర్తి అమ్మ

మీ చర్చ అంతా చదివాను. పెద్ద కంపెనీల సంగతులు నాకు అంతగా తెలియవు. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా అబ్బాయి ఇంజనీరింగ్ అయ్యాక ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. పేరు రాయను. ట్రైనింగ్ ఇచ్చి ఉద్యోగం ఇస్తామన్నారు, తిరిగి ఇచ్చే డిపాజిట్ అని డబ్బు కట్టించుకున్నారు. మా ఆయన నాకు చేయించిన గాజులు తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బు అది. ఆఫీసుకి వెళ్లి చూశాం కూడా. రిసెప్షన్‌లో ఒక ప్రజాప్రతినిధి రిబ్బన్ కట్ చేస్తున్న ఫోటో పెద్దది ఉంది. ప్రభుత్వం వాళ్లకు స్థలం ఇస్తోందని, రెండు వేల మందిని తీసుకుంటామని చెప్పారు. అంత పెద్దాయన వచ్చారంటే చూసుకునే వచ్చి ఉంటారని ఎవరికైనా అనిపిస్తుంది కదా. రెండు నెలలు జీతం ఇచ్చారు. తర్వాత ఇదిగో అదిగో అన్నారు. ఒక సోమవారం పిల్లలు వెళ్లేసరికి తాళం. కంప్యూటర్లు కూడా అద్దెవేనట. స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చాం, తిరుగుతూనే ఉన్నాం.

ఇంకో తల్లికి ఇలా జరగకుండా ముందే ఏం చూసుకోవాలో చెప్పండి. మాలాంటివాళ్లకు అర్థమయ్యేట్టు.

ఎంవీపీ సునీత

అమ్మా, చాలా బాధగా ఉంది. డిపాజిట్ అడిగే ఏ ఉద్యోగమైనా అక్కడికక్కడే వద్దనుకోవాలి. పని చేయించుకునేవాడు మనకు డబ్బివ్వాలి గాని, మన దగ్గర తీసుకోవడం ఏమిటి? అబ్బాయి దగ్గర కట్టిన రసీదు, ఆఫర్ లెటర్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ జాగ్రత్తగా పెట్టమనండి. మిగతా పిల్లలందరూ కలిసి ఒకే ఫిర్యాదుగా ఇస్తే బలం ఉంటుంది.

లెక్కల లలిత (సీఏ, ద్వారకానగర్)

పెందుర్తి అమ్మగారూ, ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే చూడగలిగేవి చెప్తాను.

కంపెనీల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే ఎప్పుడు పుట్టింది, మూలధనం ఎంత, డైరెక్టర్లు ఎవరు అన్నది ఉచితంగా వస్తుంది. లక్ష రూపాయల మూలధనంతో పోయిన ఏడాది పుట్టిన కంపెనీ రెండు వేల ఉద్యోగాలు అంటే అక్కడే ఆగి ఆలోచించాలి. వంద రూపాయలు కడితే వాళ్లు దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్లు, ఆడిటర్ రిపోర్టులు చూడొచ్చు. అసలు దాఖలే చేయకపోతే అదే జవాబు.

అంతకంటే తేలికది పీఎఫ్. ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతికితే ఏ నెలలో ఎంతమందికి పీఎఫ్ కట్టారో కనబడుతుంది. గోడ మీద ఫోటోలో ఎవరున్నా సరే, పోయిన నెల పీఎఫ్ ఎంతమందికి పడింది అన్నది చూడండి. నేను మా బంధువుల పిల్లలకు మొదట చెప్పేది ఇదే.

ఏయూ కుర్రాడు

మేడమ్, అయితే ఇదే పద్ధతి భూముల విషయంలో కూడా పనికొస్తుంది కదా! ఇన్ని ఉద్యోగాలు ఇస్తాం అని చెప్పి ఎకరాలు తీసుకున్న కంపెనీ, నిజంగా ఎంతమందికి పీఎఫ్ కడుతోందో చూస్తే సరిపోతుంది.

మండల రికార్డు (రెవెన్యూ, రిటైర్డ్)

శభాష్ బాబూ. సరిగ్గా అక్కడికే రావాలి. పీఎఫ్ అంకె సంస్థ మొత్తానిదా, విశాఖ బ్రాంచిదా అన్నది మాత్రం జాగ్రత్తగా చూడాలి. చాలా కంపెనీలు దేశం మొత్తానికి ఒకే కోడ్ మీద కడతాయి.

కేటాయింపు పత్రంలో ఎన్నేళ్లలో కట్టాలి, ఎన్ని ఉద్యోగాలు ఇవ్వాలి, ఇవ్వకపోతే భూమి వెనక్కి తీసుకోవడం ఎలా అన్న షరతులు ఉంటాయి. అది లీజా, అమ్మకమా, తాకట్టు పెట్టుకోవడానికి అనుమతి ఉందా అన్నది కీలకం. ఉద్యోగాల పేరుతో తీసుకున్న భూమి బ్యాంకులో తాకట్టు పడిందంటే, కంపెనీ మూతపడ్డ రోజు ఆ భూమి ప్రభుత్వానికి తేలిగ్గా తిరిగి రాదు. తాకట్టు ఉంటే కంపెనీ ఛార్జీల రిజిస్టర్‌లో (తాకట్టుల చిట్టా) కనబడుతుంది, రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీలో (ఆస్తి లావాదేవీల పత్రం) కూడా చూసుకోవచ్చు. 99 పైసలకు ఇచ్చినా కోటికి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. షరతులు అందరికీ కనబడాలి. గడువు దాటిన రోజున ఎవరో ఒకరు అడగాలి.

గాజువాక గిరి

ఇది నాకు నచ్చింది. మంచి కంపెనీకి దీనివల్ల నష్టం లేదు. సత్యం కేసు దర్యాప్తు చేసిన సీబీఐ లక్ష్మీనారాయణ గారు 2019లో మన విశాఖ నుంచే పార్లమెంటుకు పోటీ చేశారు. అప్పుడు కూడా ఈ విషయాల మీద ఊళ్లో పెద్దగా చర్చ జరగలేదు. ఇప్పుడైనా జరగనివ్వండి. ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేస్తే నేనూ సంతకం పెడతాను.

ఏయూ కుర్రాడు

డ్రాఫ్ట్ రాశాను, చూడండి. పరిశ్రమలకు భూములు కేటాయించే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ విశాఖ జోనల్ ఆఫీసుకి.

"గత పదేళ్లలో విశాఖపట్నం పరిధిలో ఐటీ కంపెనీలకు కేటాయించిన భూముల జాబితా, విస్తీర్ణం, ధర. కేటాయింపు పత్రాల ప్రతులు. చెప్పిన గడువులో పనులు మొదలుపెట్టని కంపెనీల నుంచి భూమి ఎందుకు వెనక్కి తీసుకోలేదు?"

మండల రికార్డు (రెవెన్యూ, రిటైర్డ్)

మూడోది మార్చు. ఆర్‌టీఐలో 'ఎందుకు' అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. 'గడువు దాటిన కంపెనీలకు ఇచ్చిన నోటీసుల ప్రతులు, వాటిపై నోట్ ఫైలు ప్రతులు' అని అడుగు. వాణిజ్య రహస్యమని ఏదైనా ఆపితే సెక్షన్ 8(1)(డి) కింద ప్రజాప్రయోజనం చూపించి మొదటి అప్పీలు వేద్దాం. దరఖాస్తుకు జవాబు కోసం ముప్పై రోజులు చూడాలి.

లెక్కల లలిత (సీఏ, ద్వారకానగర్)

ఒక ప్రశ్న కలపండి: 'ప్రతి కంపెనీ ఇప్పటివరకు ఇచ్చిన ఉద్యోగాల సంఖ్యను మీ కార్యాలయం ఏ పత్రం ఆధారంగా ధ్రువీకరించింది, ఆ పత్రం ప్రతి ఇవ్వండి.' కంపెనీ రాసిచ్చిన ఉత్తరమే ఆధారం అయితే అది కూడా మనకు తెలియాలి.

పాత కౌంటర్

పది రూపాయల పోస్టల్ ఆర్డర్ నేను తీసుకుంటాను. ఆదివారం ఉదయం ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కలుద్దాం. పెందుర్తి అమ్మగారూ, వీలైతే మీ అబ్బాయిని కాగితాలతో రమ్మనండి. ఫిర్యాదు కూడా అక్కడే కూర్చుని సరిచేద్దాం.

పెందుర్తి అమ్మ

వస్తాం బాబూ. వాడితో పాటు మోసపోయిన ఇంకో నలుగురు పిల్లల్ని కూడా తీసుకొస్తాను.